డ్యూటీ, ధ్యాస, ఆరోగ్యం: ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువారిని ముందుంచుకుని

మనసు మారితే ఒళ్లు మారుతుందా అని అడిగితే చాలామంది 2007లో అలియా క్రమ్, ఎలెన్ లాంగర్ ప్రకటించిన ప్రయోగాన్నే చూపిస్తారు. అమెరికా హోటళ్లలో గదులు శుభ్రం చేసే 84 మంది స్త్రీలలో కొందరికి ‘మీరు చేసే పనే మంచి వ్యాయామం’ అని చెప్పారు. నాలుగు వారాలకు వారి బరువు, రక్తపోటు కొంత తగ్గాయి. ఆ మాట వినని వారిలో ఆ మేరకు మార్పు లేదు. ఆకర్షణీయమైన ఫలితమే. దీన్ని ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానా గేటు దగ్గర నిలబెట్టి చూస్తే ఎంతవరకు నిలుస్తుంది?

ఖరగ్‌పూర్ పశ్చిమ బెంగాల్‌లో రైలుతో ఎదిగిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ కార్ఖానా పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తెలుగు కుటుంబాలు తరలివచ్చాయి. పొద్దు చూసి పొలంలో దిగిన మనిషి సైరన్ విని గేటు దాటడం నేర్చుకున్నాడు. ఆ మార్పును ఒక్క మనోబలం ఖాతాలో రాయలేం. నెల జీతం, క్వార్టరు, రైల్వే ఆసుపత్రి కూడా దాని వెనక ఉన్నాయి. ఈ ఊరి పేరెత్తితే అందరూ క్రికెటర్ ధోనీని తలుచుకుంటారు. 2001 నుంచి 2003 వరకు ఇక్కడ టీటీఈగా (రైళ్లలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగిగా) చేసి, ఉద్యోగం వదిలేసి ఎదిగాడని మెచ్చుకుంటారు. ఆ ఉద్యోగం క్రీడా కోటాలో వచ్చిందన్న, అంటే అక్కడా రైల్వే ఆసరా ఉందన్న సంగతి మాత్రం కథలో జారిపోతుంది.

‘పై అధికారికే టెన్షన్ ఎక్కువ’ అనుకుంటాం. లండన్ ప్రభుత్వోద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో మైకేల్ మార్మట్ బృందానికి కనిపించింది వేరు: హోదా తగ్గేకొద్దీ గుండెజబ్బు మరణాలు ఎక్కువ. 1985లో మొదలైన రెండో అధ్యయనం చేసే పని మీద తమకు పట్టు లేకపోవడాన్ని ఒక కారణంగా చూపింది. పని మీద పట్టు లేకపోవడం ఖరగ్‌పూర్‌కూ తెలుసు: 1927లో ఉద్యోగాల కోతకు ఎదురుతిరిగి ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మె చేశారు. ఆ రైల్వే కార్మికోద్యమ నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. దాన్ని కార్మిక చరిత్రగానే చదువుతూ వచ్చాం. ఆరోగ్య చరిత్రగానూ చదవాలన్నది నా వాదన. రేపు పని ఉంటుందో ఊడుతుందో తెలియని ఇంట్లో ఎవరికి నిద్రపడుతుంది?

ధ్యాస విషయంలో రైల్వే మనకంటే తెలివైనది. గడియారం ముల్లును గమనించే ప్రయోగంలో అరగంట దాటేసరికి ధ్యాస మందగిస్తుందని 1948లో నార్మన్ మాక్‌వర్త్ చూపాడు. ‘ఏకాగ్రత పెంచుకో’ అని బోధిస్తే సరిపోదు. అందుకే ఇంజన్‌లో లోకో పైలట్, సహాయకుడు ప్రతి సిగ్నల్‌నూ ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకుంటారు. ఒకరి కన్ను మూతపడబోతే రెండోవారి గొంతు లేపుతుంది.

ఖరగ్‌పూర్ ఐఐటీలో 2016లో ఆనంద శాస్త్రం కోసం రేఖీ కేంద్రం వెలిసింది. రాత్రి డ్యూటీ దిగి రన్నింగ్ రూముకు (రైలు సిబ్బంది విశ్రాంతి గదికి) చేరే సిబ్బంది నిద్ర, రక్తపోటు, రోస్టరు విషయంలో వారి మాటకున్న విలువ: ఈ మూడింటినీ కలిపి కొలవాలని ఆ కేంద్రంలో అనుకునేవారు రైలెక్కి ఎక్కడికో పోనక్కర్లేదు, ఆ సిబ్బంది అదే ఊళ్లో ఉన్నారు.