వేదిక మీద చీర, వీధిలో చీర

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పింది స్థానం నరసింహారావు గారి గురించి. 1902లో బాపట్లలో పుట్టిన మగమనిషి. జనానికి మాత్రం ఆయన సత్యభామే. ఆ నడక, ఆ చూపు, ఆ చీరకట్టు కోసమే టికెట్లు తెగేవి. మన కూలీలు వేలల్లో ఉండే రంగూన్‌లో 1938లో బంగారు కిరీటం పెట్టారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు.

అదే కాలంలో, నిజాం హైదరాబాద్‌లో 1919 నాటి చట్టం ఒకటి ఉండేది. అనుమానం ఉంటే చాలు, హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించేవాళ్లు. పేరెక్కినవాళ్లు ఆడబట్టల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది ఎప్పుడనుకున్నారు? 2023లో!

స్థానం గారి కళ గొప్పదే, అందులో అనుమానం లేదు. కానీ ఆట అయ్యాక ఆయన చీర మార్చుకొని ఇంటికెళ్లొచ్చు. హిజ్రాలకు అదే బతుకు. అమ్ముడుపోయే వేషానికి కిరీటం, అమ్ముడుపోని బతుకుకి జైలు.

ఇంటికి ఫోటో పంపేటప్పుడు మనమూ యూనిఫాం దాచి కూలింగ్ గ్లాసెస్ పెడతాం. చూసేవాళ్లకు నచ్చేలా కనబడటం ఎంత బరువో మనకు తెలుసు. రూములో ఎవరినైనా 'ఆడంగి' అనబోయే ముందు ఆ బరువు గుర్తు చేసుకుందాం.