గల్ఫ్ వలస, డిజిటల్ సాధనాలు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లిన కార్మికులు, ఊళ్లో ఉండిపోయిన వారి కుటుంబాలు మాట కలుపుకోవడానికి, డబ్బు పంపుకోవడానికి, వీసా నిజమో కాదో చూసుకోవడానికి, తిరిగొచ్చాక మళ్లీ నిలదొక్కుకోవడానికి ఒక్కో కాలంలో ఒక్కో సాధనాన్ని ఆశ్రయించారు. వీరు చట్టం ప్రకారం శరణార్థులు కారు. అయితే కాగితం చెల్లని రోజున వీరి పరిస్థితి శరణార్థి పరిస్థితికి ఎంతో దూరంలో ఉండదు.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో కట్టడాల పని జోరందుకోవడంతో ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి వలస మొదలైంది. కొడిమ్యాల, మల్యాల వైపు మెట్ట భూములు, ఎండిపోయే బావులు, తీరని అప్పులు జనాన్ని ‘దుబాయి’ దారి పట్టించాయి. ఇక్కడ ఏ గల్ఫ్ దేశానికి వెళ్లినా వాడుక మాటలో అది దుబాయే. సిరిసిల్ల కథ కొంత వేరు. అక్కడి పద్మశాలీలు ముందు భివండి, షోలాపూర్, సూరత్‌లకు మగ్గం వెంట వెళ్లారు. గల్ఫ్ తర్వాత వచ్చింది. 2015లో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడటంతో కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతంలో చెరకు మీద బతికిన ఇళ్లకు ఇంకో ఆధారం పోయింది.

తొలి రెండు దశాబ్దాల్లో కబురు చేరవేసింది ఉత్తరం, క్యాసెట్. చదువు రాని భార్యకు, తల్లికి భర్తో కొడుకో టేపురికార్డరులో మాట్లాడి, సెలవుపై ఊరికి వచ్చేవారి చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవారు. డబ్బు చాలావరకు హుండీలో వచ్చేది: అక్కడ ఒకరికి రియాళ్లు కడితే ఇక్కడ మరొకరు ఇంటికొచ్చి రూపాయలు ఇచ్చేవారు. రసీదు ఉండదు, మాటే పూచీ. 1990ల్లో ఎస్టీడీ బూత్‌లు వచ్చాక ఫోను రోజున కుటుంబమంతా బూత్ ముందు కూర్చునేది.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి భారతీయులు నిజంగానే కాందిశీకులయ్యారు. అమ్మాన్ మీదుగా ఎయిరిండియా రెండు నెలల్లో 488 విమానాల్లో లక్ష మందికి పైగా భారతీయులను తరలించింది. ఎవరు ఏ శిబిరంలో ఉన్నారో ఇళ్లకు తెలియడానికి రోజులు పట్టింది. ముప్పై ఏళ్ల తర్వాత కరోనా కాలంలో ఈ తరలింపు పనే మరో రకంగా జరిగింది.

స్మార్ట్‌ఫోన్ వచ్చాక ఈ ప్రాంతంలో మొదట పాతుకుపోయింది వాట్సాప్ కాదు, ఐమో. యూఏఈ వంటి దేశాల్లో వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలుండటం, బలహీనమైన నెట్‌లోనూ ఐమో వీడియో నడవడం ఇందుకు కారణాలు. లేబర్ క్యాంపులో మంచం మీద కూర్చుని బిడ్డ పెళ్లి చూపులు, పొలం పంచాయితీ, తల్లి అంత్యక్రియలు ఫోనులో చూసిన తరం ఇది. సాధనాల్లో కుటుంబాలకు అన్నిటికన్నా దగ్గరైనది ఈ వీడియో కాలే. ప్రభుత్వ పోర్టల్ ఏదీ దాని దరిదాపుల్లోకి రాలేదు.

డబ్బు దారి నెమ్మదిగా మారింది. యూఏఈ 2009లో వేతన రక్షణ వ్యవస్థ తెచ్చి, జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలని కంపెనీలను నిర్బంధించింది. సౌదీ, ఖతార్ తర్వాత అదే బాట పట్టాయి. జీతం ఆగితే చూపడానికి కార్మికుడికి మొదటిసారి ఒక లెక్క దొరికింది. ఇక్కడ 2014లో మొదలైన జన్‌ధన్ ఖాతాలు, 2016లో వచ్చిన యూపీఐ ఇంట్లో ఆడవాళ్ల చేతికి ఖాతాను తెచ్చాయి. 2023 జనవరిలో సౌదీ, యూఏఈ, ఒమన్, ఖతార్‌తో సహా పది దేశాల ఫోను నంబర్లతో ప్రవాసుల ఖాతాలకు యూపీఐ వాడుకునే వీలు కల్పించారు.

వీసా విషయంలోనే అసలు చిక్కు. 1983 వలస చట్టం ప్రకారం పదో తరగతి పాస్‌కానివారు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ వ్యవహారాన్ని 2014–15లో ఈ-మైగ్రేట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థకు మార్చారు. విదేశీ యజమాని అందులో నమోదు కావాలి, ఎంతమంది కావాలో చెప్పాలి, ఒప్పందంలో జీతం నిర్ణీత కనీసానికి తగ్గకూడదు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. 2017 నుంచి పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో దొరికింది. ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుం 30 వేల రూపాయలకు మించకూడదన్న నిబంధన కూడా ఉంది. ఊళ్లలో నడిచే ధర మాత్రం దీనికి ఎన్నో రెట్లు.

లైసెన్సు లేని దళారి ఈ-మైగ్రేట్‌లోకి రానేరాడు. విజిట్ వీసాపై మనిషిని విమానం ఎక్కిస్తాడు. విజిట్ వీసాకు వలస అనుమతి అక్కర్లేదు. కనుక బీమా లేదు, ఒప్పందం లేదు, కంప్యూటరులో పేరే లేదు. ‘ఆజాద్ వీసా’ పేరుతో ఏ కఫీల్ (వీసా ఇచ్చే యజమాని) దగ్గర పని ఉందో తెలియకుండా వెళ్లినవారిదీ ఇదే దారి. వ్యవస్థ ఎంత కట్టుదిట్టమైతే అంతగా దాని బయట ఒక దొంగదారి తయారైందనాలి. పైగా వ్యవస్థలో పెట్టిన అంకెను మార్చడమూ సులువే: 2020 సెప్టెంబరులో గల్ఫ్ కనీస జీతాలను కేంద్రం తగ్గించింది, తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది, 2021 జూలైలో పాత జీతాలు తిరిగి వచ్చాయి.

యజమాని చేతిలోని సాధనం ఇంకా పదునైనది. సౌదీలో అబ్షర్ అనే ప్రభుత్వ యాప్ వీసా, రాకపోకల అనుమతి వంటి పనులను ఫోనులోకి తెచ్చింది. అయితే కార్మికుడు పారిపోయాడంటూ ‘హురూబ్’ ఫిర్యాదు చేయడం కూడా ఆన్‌లైన్‌లో క్షణం పని. ఆ ఫిర్యాదు నిలిస్తే అతను ‘ఖల్లివెల్లి’. అక్రమంగా ఉండిపోయిన కార్మికుడికి ఈ ప్రాంతంలో స్థిరపడిన అరబ్బీ మాట అది. ఇఖామా (నివాస అనుమతి) పోతే బ్యాంకు, సిమ్, ఆస్పత్రి ఒకదాని వెంట ఒకటి మూసుకుపోతాయి. క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అవుట్‌పాస్ (తిరుగు ప్రయాణానికి ఇచ్చే తాత్కాలిక పత్రం) పట్టుకుని ఇల్లు చేరడమే మిగిలిన మార్గం. 2018లోనూ 2024లోనూ యూఏఈ అలాంటి గడువులు ఇచ్చింది.

హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో 2012 తర్వాత వచ్చి చేరిన రోహింగ్యా శరణార్థులది, కాగితం లేక అన్నీ మూసుకుపోయే ఈ స్థితికి అద్దం వంటి స్థితి. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్డు ఉన్నా ఆధార్ లేదు కాబట్టి ఖాతా కష్టం, యూపీఐ కష్టం. పాత ఇనుము, చెత్త ఏరడం, రోజు కూలి చేతి డబ్బుతోనే నడుస్తాయి. జోర్డాన్‌లోని జాతారీ శిబిరంలో 2016లో సిరియా శరణార్థులు కంటిపాప చూపి సరుకులు తీసుకోవడం మొదలైంది. శరణార్థి నమోదుతోనే ఖాతా నడిచే ఏర్పాటు ఉంటే పరికరం ఎంత పనికొస్తుందో అక్కడ కనిపించింది.

కరోనా వేళ 2020 మే 7న మొదలైన వందే భారత్ విమానాలకు దౌత్య కార్యాలయాల ఆన్‌లైన్ పత్రాల్లో పేరు నమోదు చేసుకోవాల్సి వచ్చింది. తిరిగొచ్చినవారి నైపుణ్యాలను నమోదు చేసి కంపెనీలకు అందించేందుకు కేంద్రం స్వదేస్ అనే వ్యవస్థను ప్రారంభించింది. మేస్త్రీలు, వెల్డర్లు, డ్రైవర్లు ఎక్కువగా ఉన్న ఈ జిల్లాలకు ఇది పనికొచ్చే ఆలోచనే; కాని మేస్త్రీకి అక్కడి జీతం ఇక్కడ దొరకనప్పుడు జాబితా చేయగలిగేది తక్కువ. చాలామంది మళ్లీ వీసా వెతుక్కున్నారు.

ఊళ్లో ఉండిపోయిన ఆడవాళ్ల బతుకు బీడీల మీద నడిచింది. పీఎఫ్ ఖాతా, ఆధార్, బ్యాంకు జతపడటంతో ప్రభుత్వ బీడీ భృతి నేరుగా ఖాతాలో పడసాగింది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా మీసేవ కేంద్రం చుట్టూ తిరగాల్సి వస్తుంది. అదే ప్రాంతంలో ఫోను ఒక కొత్త పనినీ పుట్టించింది. మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో మొదలైన యూట్యూబ్ ఛానల్ ‘మై విలేజ్ షో’ వ్యవసాయ కూలి గంగవ్వను తెలుగు నేలంతటికీ పరిచయం చేసింది. గల్ఫ్ క్యాంపుల్లోని వారూ ఊరి యాస వినడానికి ఈ వీడియోలు చూస్తారు.

ఫిర్యాదులకు విదేశాంగ శాఖ 2015లో మదద్ పోర్టల్ తెచ్చింది. రాష్ట్ర సంస్థ టామ్‌కామ్ దళారి లేకుండా విదేశీ ఉద్యోగాలు చూపుతోంది. ఈ-మైగ్రేట్ కొత్త రూపం, మొబైల్ యాప్ 2024 అక్టోబరులో వచ్చాయి. గల్ఫ్‌లో మరణించిన కార్మికుడి కుటుంబానికి ఐదు లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. 2023 డిసెంబరు 7 నుంచి జరిగిన మరణాలకు ఇది వర్తిస్తుంది. దరఖాస్తు జిల్లా కలెక్టరుకు ఇవ్వాలి.