అక్వేరియం కొరకు కఠిన జలాన్ని మృదువుగా మార్చడం

కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా కరిగి ఉన్న నీటిని కఠిన జలం అంటారు. ఇందులో సబ్బు సరిగా నురగదు. గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. పెంపుడు చేపల తొట్టెలో కఠిన జలాన్ని వాడేటప్పుడు కొన్ని జాతులకు దాని కాఠిన్యతను తగ్గించవలసి ఉంటుంది.

జహీరాబాదు ప్రాంతం

సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు పరిసరాలలో నల్లని బసాల్టు శిలలు, చాలాచోట్ల వాటిపై ఎర్రని లాటరైటు పొర కనిపిస్తాయి. సాధారణంగా లాటరైటు పొరలోని బావి నీరు మృదువుగాను, అడుగున ఉన్న బసాల్టు నుండి వచ్చే బోరు నీరు కఠినంగాను ఉంటుంది. కనుక పక్కపక్క వీధుల బోర్ల నీరు కూడా ఒకే తీరుగా ఉండకపోవచ్చు. కొలిచి చూడటమే మార్గం. కాఠిన్యతను లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బోనేటుగా చెబుతారు. త్రాగునీటికి భారతీయ ప్రమాణాల ప్రకారం 200 వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకనిచోట 600 వరకు అనుమతిస్తారు. మనుషులు త్రాగగలిగిన నీరు ప్రతి చేపకూ సరిపడదు.

ఏ చేపలకు అవసరం?

గప్పీ, మోలీ, ప్లాటీ చేపలు కఠిన జలంలోనే బాగా పెరుగుతాయి. గోల్డ్‌ఫిష్ కూడా తట్టుకొంటుంది. వీటిని పెంచేవారు నీటిని మార్చే శ్రమ పెట్టుకోనవసరం లేదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతపు నియాన్ టెట్రా, డిస్కస్ వంటివి మృదు జలపు చేపలు. ముఖ్యంగా వీటిచేత గుడ్లు పెట్టించదలచినవారికి మృదు జలం కావాలి.

పద్ధతులు

నీటిని మరగించితే బైకార్బోనేట్ల వలన కలిగే తాత్కాలిక కాఠిన్యత మాత్రమే తగ్గుతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వలన కలిగే శాశ్వత కాఠిన్యత అలాగే ఉండిపోతుంది. పాఠ్యపుస్తకాలలో చెప్పే చాకలి సోడా పద్ధతి బట్టలుతకడానికి పనికివస్తుంది గాని చేపలకు కాదు, ఎందుకంటే అది నీటి క్షారత్వాన్ని పెంచుతుంది. పటిక నీటిని తేటపరుస్తుంది, మృదువుగా చేయదు. ఉప్పుతో పనిచేసే ఇంటి సాఫ్ట్‌నర్ విషయంలోనే చాలామంది పొరపడతారు. అది కాల్షియం, మెగ్నీషియంలను తీసి వాటి స్థానంలో సోడియంను వదులుతుంది. పరీక్షలో నీరు మృదువుగానే కనిపించినా, కరిగిన లవణాల మొత్తం దాదాపు తగ్గదు.

అన్నిటికన్నా సులువైనది బోరు నీటిలో ఆర్.ఓ. నీటిని కలపడం. ఆర్.ఓ. నీటి కాఠిన్యత దాదాపు సున్నా అనుకుంటే, 300 మిల్లీగ్రాముల కాఠిన్యత గల బోరు నీరు ఒక పాలు, ఆర్.ఓ. నీరు రెండు పాళ్ళు కలిపినపుడు సుమారు 100 వస్తుంది. వాటర్ ప్లాంటు డబ్బా నీటిలో లవణాలు తిరిగి కలిపి ఉండవచ్చు కనుక దానినీ ఒకసారి పరీక్షించాలి. ఆర్.ఓ. నీటిని ఒక్కదానినే వాడరాదు: చేపలకు కొంత కాల్షియం అవసరం, పైగా బైకార్బోనేట్లు లేని నీటిలో ఆమ్లత్వం హఠాత్తుగా పెరిగే ప్రమాదముంది. శుభ్రమైన కప్పు నుండి, తొలి జల్లులు వదిలి పట్టిన వాన నీరు కూడా మృదు జలమే.

జాగ్రత్తలు

కాఠిన్యత కంటే అది ఒక్కసారిగా మారడమే చేపలకు ఎక్కువ హాని. తొట్టె నీరంతా ఒకేరోజు మార్చకుండా, వారానికి పదో వంతు నుండి ఐదో వంతు వరకు మార్చుతూ రావాలి. అందం కోసం గవ్వలు, పాలరాతి ముక్కలు, తాండూరు నాపరాయి ముక్కలు వేస్తే అవి మెల్లగా కరిగి నీటిని మళ్ళీ కఠినం చేస్తాయి. ఏదైనా రాయిపై నిమ్మరసం చుక్క వేసినపుడు బుడగలు వస్తే దానిని తొట్టెలో వేయరాదు.