రాతిలోని రాగి

కృత్తివెన్ను ప్రాంతమున నూతికై త్రవ్వినచో ఒండ్రుమన్నును ఇసుకయు వచ్చును గాని లోహశిల రాదు. అయినను రాగిచెంబు లేని పాతయిల్లు అచ్చట అరుదు. ఈ రాగి యెచ్చటిది? రాజవంశములను వల్లించు మన చరిత్రములు ఈ ప్రశ్నను వేయవు. వేంగీ చాళుక్యుల దానశాసనములు రాగిరేకులపై చెక్కబడినవి. ఇచ్చిన రాజు బిరుదములను, పుచ్చుకొన్నవాని గోత్రమును చదువుచున్నాము. ఆ లోహమును భూగర్భమునుండి తీసినవానిని మాత్రము తలపము.

రాగి మనకు రెండు త్రోవల వచ్చినది. ఒకటి సముద్రము. డచ్చివారు 1605లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. ఆ శతాబ్దమున జపాను రాగిని కోరమాండల్ తీరమునకు ఓడలలో తెచ్చి యమ్మిరి. రెండవది మన కొండలు. పల్నాటిసీమలో వినుకొండకు చేరువనున్న అగ్నిగుండాల యొద్ద పూర్వులు త్రవ్విన గోతులు గలవు. అచ్చటి నల్లకొండ రాగికిని, బండ్లమొట్టు సీసమునకును పేరుపడినవి.

రాగిగనులయొద్ద వన్నెకాండ్రు మక్కువతో ఏరుకొను పచ్చని శిల మాలకైటు. గంధకముతో కూడిన రాగిశిలకు గాలియు, బొగ్గుపులుసు వాయువుతో కూడిన వాననీరును తగులగా ఇది పుట్టును. తడిగాలిలో విడిచిన రాగిచెంబునకు పట్టు చిలుమునందును ఈ పదార్థమే తఱచుగా నుండును. సముద్రతీరమున ఉప్పుగాలివలన అందు లవణాంశమును చేరును. మన స్త్రీలు చింతపండుతో తోమినప్పుడు దాని పులుపు ఈ చిలుమును కరగించును. రసాయనశాలలోని పండితుడును ఆమ్లముతోనే ఈ శిలను పరీక్షించును. నిత్యము ఆ పనిచేయు గృహిణికి దాని హేతువును ఎవ్వరును చెప్పకపోవుట మన విద్యలోని లోపము.

ఇట్టి యొక మచ్చుతునక కథ తెలియదగినది. సామర్లకోటయందు తోటల పరిపాలకుడుగా నుండిన బెంజమిన్ హైనీ, మైసూరు తూర్పు సరిహద్దులలో, అనగా తెలుగుసీమ నంటియున్న చోట, ఒక రాగిశిలను సంపాదించెను. దానిని థామసు థామ్సను అను రసాయనవేత్త పరీక్షించి, నీరులేని క్రొత్తజాతి శిలయని 1814లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. నూటికి సుమారు 60 పాళ్లు రాగి భస్మమును, 20 పాళ్లకు కొంచెము తక్కువగా ఇనుప భస్మమును కలవని తేల్చెను. దానికి మైసోరిన్ అను పేరు కలిగెను. పిమ్మటి పండితులు మరల శోధించి, అది క్రొత్తజాతి కాదు, ఇతర పదార్థములు కలిసిన మాలకైటే యని నిర్ణయించిరి.

ఇందు మనము గ్రహింపవలసినవి రెండు. గొప్పవాడు చెప్పెనని శాస్త్రము ఊరకుండలేదు. మరల రాతినే అడిగినది. మన యాచారములను, చరిత్రలను గూర్చియు అట్లే అడుగుటకు మన మేల జంకవలెను? రెండవది, ఆ తునక దొరకిన చోటు వ్రాసియుండుటచేతనే నేటికిని దాని కథ చెప్పగలుగుచున్నాము. ఊరుపేరు లేని రాయి యెంత యందమైనదైనను మూగది. కావున పిల్లలు పచ్చరాతిని తెచ్చినచో పారవేయింపక, ఎచ్చట ఏనాడు దొరకెనో చీటిపై వ్రాయింపుడు. పూర్వుల గోతులను పూడ్చి చదునుచేయుటకు ముందు వాని కొలతలను, చిత్రములను భద్రపఱుపవలెను. పేరులేని ఆ పనివారికి శాసనములు లేవు. ఆ గోతులే వారి శాసనములు.