మన చదువుల చరిత్ర – 7: గ్రూపు ఎవరు నిర్ణయిస్తరు?

పదో తరగతి పాసైన మా వాడ పిల్లలకు ఆదిలాబాద్‌ల అందరూ ఒకటే సలహా ఇస్తరు: "ఒకేషనల్ తీస్కో, జల్ది పని దొరుకుతది." మాట మంచిదే. మరి అదే మాట దొరగారి పిల్లగానికి ఎందుకు చెప్పరు?

ఈ ప్రశ్న పాతది. బాబాసాహెబ్ బడిలో సంస్కృతం చదువుత అన్నడు. అంటరానోనికి కుదరదన్నరు. పర్షియన్ తీసుకున్నడు. అంటే ఆయన సబ్జెక్టును కులమే ఎంచింది.

1953ల మద్రాసు రాష్ట్రంల రాజాజీ ఇంకో పథకం తెచ్చిండు. పల్లె పిల్లలకు బడి మూడు గంటలే, మిగతా పొద్దు ఇంటి వృత్తి నేర్వాలె. చెప్పులు కుట్టేటోని కొడుకు చెప్పులే కుట్టాలె! జనం దాన్ని కులవిద్య అన్నరు. 1954ల కామరాజ్ ఎత్తేసిండు.

అట్లని వృత్తి శిక్షణే తప్పా? కాదు. మన పాత ఆదిలాబాద్ జిల్లాల మార్లవాయి చూడుండ్రి. 1940ల కుమ్రం భీం అమరుడైనంక నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. 1943ల మార్లవాయిల గోండు యువకులకు పంతుళ్ల శిక్షణ మొదలైంది, గోండిల వాచకాలొచ్చినయి. అదీ వృత్తి శిక్షణే. కానీ అది వాళ్లను తాతల పనికి కట్టెయ్యలే, బడిల కుర్చీ ఎక్కించింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎంఎల్‌టీ అయినా ఎంపీసీ అయినా ఒక్కటే అడుగుండ్రి: దీనెంక తొవ్వ ఉన్నదా? ఒకేషనల్ చదివి ఇంజినీరింగ్ పోవాలంటే బ్రిడ్జి కోర్సు రాయాలె. అది మొదటిరోజే చెప్పించుకోండ్రి. సంతకం పెట్టేది మీరు, ఎంచేది కూడా మీరే కావాలె.

జై భీమ్. (సశేషం)