వేషానికి చందా

మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చందా అన్న మాటకు పత్రికకు కట్టే సొమ్ము అన్న అర్థం తరవాత వచ్చింది. గ్రామదేవత సంబరం దగ్గరపడినప్పుడు పెద్దలు ఇంటింటికీ తిరిగి పోగుచేసేది చందా. ఆ డబ్బుతో తూర్పు భాగోతం మేళాన్ని పిలిపించేవారు. మద్దెలల మోత నడుమ, సత్యభామ వేషం కట్టిన మగవాడు రాత్రంతా ఆడుతుంటే ఊరు ఊరంతా కూర్చుని చూసేది. కలిగినవాడు ఎక్కువ ఇచ్చేవాడు. ఇవ్వలేనివాడూ చాప పరుచుకుని కూర్చునేవాడు.

అంతర్జాలంలో నెలనెలా చందా కట్టించుకుని మనచేతనే వేషాలు వేయించే ఆటలున్నాయి. వాటికి డబ్బు పెట్టడం సబబేనా అన్న ప్రశ్నకు ఈ పాత చందా కొంత దారి చూపుతుందని నా అభిప్రాయం.

వేషానికయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నది మనకు కొత్త ప్రశ్న కాదు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు కన్యాశుల్కాన్ని తొలిసారి ఆడారు. 1897లో అచ్చయిన ఆ పుస్తకాన్ని గురజాడ ఆనందగజపతి మహారాజుకు అంకితమిచ్చారు. సంస్థానం నీడన కళ బతకడం ఒక పద్ధతి. ఊరి చందా ఇంకొకటి. 1885లో మొదలైన సురభి వారు ఊరూరా డేరా వేసి టిక్కెట్టు మీద నడిపిన నాటకం మరొకటి.

కంప్యూటరు ఆటలూ ఇంచుమించు ఈ దారులే తొక్కాయి. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా రిచర్డ్ బార్టిల్ పెంచి పెద్దచేసిన మడ్ అనే ఆట, విద్యాలయపు యంత్రం మీద పుట్టింది. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. సంస్థానం నీడ వంటిదే అదీ. 1997లో అల్టిమా ఆన్‌లైన్ నెలకు 9.95 డాలర్ల చందా పెట్టింది. పేటికలో కొనుక్కున్న ఆటకు మళ్ళీ నెలనెలా డబ్బేమిటని విసుక్కున్నవారికి చెప్పదగిన జవాబు ఒకటే. ఆ లోకం ఆటగాడు నిద్రపోయినా నిద్రపోదు. సర్వర్లు రాత్రింబవళ్ళు తిరగాలి, తగవులు తీర్చడానికి మనుషులుండాలి, కొత్త కథలు పుడుతూ ఉండాలి. 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అదే బాట పట్టాయి. వార్‌క్రాఫ్ట్ అమెరికాలో 14.99 డాలర్లు అడిగింది. ఆ ధర రెండు దశాబ్దాలపాటు కదలలేదు. 2010 అక్టోబరు నాటికి చందాదారులు 1.2 కోట్లకు చేరారు.

ఆ ధరను మన వైపునుంచి చూడండి. 2005 నాటి మారకంలో అది సుమారు 650 రూపాయలు. ఆ ఏడాది జనవరిలో మొదలైన బి.ఎస్.ఎన్.ఎల్. డేటావన్ కొద్దికాలానికే 250 రూపాయల నెలసరి పథకం తెచ్చింది. అంటే ఆటకయ్యే చందా, ఇంటికి అంతర్జాలం రప్పించే ఖర్చుకు రెట్టింపు పైమాటే! ఆ దశాబ్దం నడుమ లెవెల్ అప్ సంస్థ రాగ్నరాక్‌ను, సిఫీ సంస్థ ఏ3 అనే ఆటను మన దేశంలో నడిపి చూశాయి. ఆ రెండు సేవలూ ఇప్పుడు లేవు.

మూతపడడమే ఈ ఆటల్లో అసలు చిక్కు. స్టార్ వార్స్ గెలాక్సీస్ 2003లో మొదలైంది. ముప్పైకి పైగా వృత్తులుండేవి. నెలల తరబడి చెమటోడ్చి తమ వేషాన్ని దిద్దుకున్నవారు అందులో ఎందరో. 2005 నవంబరులో సంస్థ ఆ వృత్తులను తొమ్మిదికి కుదించి ఆట స్వరూపాన్నే మార్చివేసింది. వేషగాడిని అడగకుండా వేషం విప్పించినట్టయింది. చివరకు 2011 డిసెంబరు 15న లోకం మొత్తాన్నీ మూసేశారు. అన్నేళ్ళు చందా కట్టినవారికి చేతిలో మిగిలిన ఆస్తి ఏమీ లేదు.

సిటీ ఆఫ్ హీరోస్ కథ మరోలా ముగిసింది. 2004లో తెరిచిన ఆ ఆటను 2012 నవంబరు 30న మూశారు. అయితే కొందరు అభిమానులు దాన్ని గుట్టుగా నడుపుకుంటున్నారని 2019లో బయటపడింది. ఆ తరవాత హోమ్‌కమింగ్ పేరిట బహిరంగంగా సర్వర్లు వెలిశాయి. 2024 జనవరిలో హక్కుదారైన ఎన్‌సీసాఫ్ట్ వారికి అధికారికంగా అనుమతి ఇచ్చింది. అక్కడ ప్రవేశానికి రుసుము లేదు, ఆటగాళ్ళ విరాళాలతో నడుస్తుంది. కలిగినవాడు ఇస్తాడు, లేనివాడూ ఆడతాడు. సంబరం చందా అంటే ఇదే కదా!

అలాగని చందా ఆటలన్నీ దోపిడీ, ఉచితమైనవన్నీ ధర్మసత్రాలు అనుకోవడం పొరపాటు. ఊరికే రమ్మని పిలిచి లోపల అంగడి తెరిచే ఆటలో, అంగడి గిరాకీ కోసం ఆటను అడుగడుగునా అసంపూర్తిగా అల్లే ప్రలోభం ఉంటుంది. మేపుల్‌స్టోరీలో డబ్బు పెట్టి కొనే వస్తువుల ఫలితాల సంభావ్యతను ఆటగాళ్ళకు చెప్పకుండా తగ్గించినందుకు 2024 జనవరిలో దక్షిణ కొరియా వాణిజ్య నియంత్రణ సంస్థ నెక్సాన్‌కు 1,160 కోట్ల వొన్‌ల జరిమానా వేసింది. చందాలో ఆ మాయ తక్కువ. ఫైనల్ ఫాంటసీ 14 2010లో అధ్వాన్నంగా విడుదలైతే, నడిపేవారు 2012 జనవరి దాకా చందా వసూలు చేయలేదు. అదే ఏడాది నవంబరులో ఆపివేసి, 2013 ఆగస్టులో తిరగరాసి తెచ్చారు. నెలనెలా అడగవలసినవాడికి నెలనెలా మెప్పించవలసిన బాధ్యత కూడా ఉంటుంది.

ఈ లెక్కలన్నీ నేను వేసుకోవడానికి కారణం మా మేనల్లుడు. వాడిది చిన్న జీతం, ఇంటికి పంపగా మిగిలేది కొద్ది. "నెలకింత కట్టి ఆడడం దండగా, మావయ్యా?" అని అడిగాడు. గంటకు ఎంత పడుతుందని భాగహారం చేసి, సినిమా టిక్కెట్టుకన్నా చవక అని చెప్పేయడం తేలిక. ఆ లెక్క నాకు నచ్చదు. చవక అన్న పేరుతో గంటలు పెంచుకోమనే లెక్క అది. పైగా కట్టిన డబ్బు వృథా కాకూడదన్న బెంగతో, మనసు లేకున్నా కూర్చునే రాత్రులు వస్తాయి. ఆనాడు వినోదం కాస్తా జీతం లేని కొలువు అవుతుంది.

వాడిని నేను ఒక్కటే అడిగాను, నీతో ఎవరు ఆడుతున్నారని. భాగోతాన్ని ఎవడూ ఒంటరిగా చూడలేదు. చందా కొన్నది వేషాన్ని మాత్రమే కాదు, ఆ రాత్రి పక్కన కూర్చున్నవారిని కూడా. మూతపడిన లోకాలనుంచి ఆటగాళ్ళు బయటికి తెచ్చుకోగలిగింది స్నేహాలనే. కత్తులూ కవచాలూ సర్వరుతోపాటే పోయాయి. కాబట్టి తోడు జట్టు ఉంటే నెలకొక్కసారిగా కట్టి ఆడవచ్చు. ఏడాది చందా ఒకేసారి కట్టవద్దు. జట్టు చెదిరిన నెలలోనే మానేయాలి. తోడు లేకుండా, ఒంటరితనం పోగొట్టుకోవడానికి కట్టే చందా మాత్రం దండగే. సంబరానికి వేసిన చందా ఊరిని ఒకచోట చేర్చేది. అంతర్జాలపు చందా కూడా ఆ పని చేసినంతకాలమే దానికి విలువ.