కదిలిపోయిన మొహం

సీతాఫల్‌మండి ఇల్లు ఖాళీ చేస్తుంటే నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఒక ఫొటో దొరికింది. సికింద్రాబాద్‌ స్టూడియోలో తీయించింది. తెరమీద రంగులతో వేసిన మెట్లు, పూలకుండీ. ముందు రెండేళ్ళ పిల్లాడు, తనంత ఎత్తున్న కుర్చీని గట్టిగా పట్టుకుని ఉన్నాడు. తల తిప్పినట్టున్నాడు, మొహం కాస్త అలికినట్టుంది. మా పెదనాన్నట. మూడేళ్ళు నిండకుండానే పోయాడు.

పదిమందికీ చూపిద్దామనిపించింది. కానీ ముక్కూమొహం తెలియని వాళ్ళకి ఈ పిల్లాడు ఏమవుతాడు?

ఈ ఊళ్ళో ఆ ప్రశ్న పాతదే. రూర్కీలో ఇంజనీరింగ్‌ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేసిన లాలా దీన్‌దయాళ్‌ 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌కి ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు. ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచి, ఒక ఇంగ్లీషావిడకి అప్పగించాడు. పరాయి మగాడి కంట పడకుండా ఫొటో దిగడానికే ఆ ఏర్పాటంతా. అంటే అక్కడి బొమ్మలు ఇంట్లోవాళ్ళ కోసమే. బయటివాళ్ళు చూడాలన్న ఆలోచనే లేదు.

కాలం వేరేలా తలచింది. దీన్‌దయాళ్‌ తీసిన ఫొటోల గాజు నెగెటివ్‌లు రెండువేల ఎనిమిది వందలకు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. ఇంటి గోడకు వేలాడాల్సిన మొహాలని ఇప్పుడు మనలాంటి పరాయివాళ్ళం చూస్తున్నాం. అలాంటి పాత ఫొటోల్లో పిల్లలు కనబడితే నా చూపు నగల మీద నిలవదు. బిగుసుకున్న భుజాల దగ్గర, ఎటు పెట్టాలో తెలియని చేతుల దగ్గర ఆగుతుంది. వంశం గొప్ప చూపించడానికి పెద్దవాళ్ళు నగలు పెట్టారు. ఆ బెరుకు మాత్రం పిల్లలదే.

అమెరికన్‌ ఫొటోగ్రాఫర్‌ యూజీన్‌ స్మిత్‌ యుద్ధంలో గాయపడి, చాలాకాలం కెమెరా పట్టలేదు. 1946లో మళ్ళీ పట్టుకుని తన ఇద్దరు పిల్లల్ని తీశాడు. చెట్ల నీడలోంచి వెలుగులోకి నడుస్తున్నారు, వెనకనుంచి. 1955లో న్యూయార్క్‌లో జరిగిన ‘ఫ్యామిలీ ఆఫ్‌ మ్యాన్‌’ ప్రదర్శనలో ఆఖరి ఫొటో అదే. అందులో మొహాలే కనబడవు. చూసేవాళ్ళు తమ పిల్లల్ని తలుచుకోవడానికి చోటుంది.

మా తమ్ముడు పెదనాన్న ఫొటోని ఒక యాప్‌లో పెట్టాడు. అలికిన మొహం పోయి, మెరిసే కళ్ళతో చక్కటి పిల్లాడొచ్చాడు. అత్తమ్మకి చూపించాం.

"ఎవర్రా వీడు?" అంది. తర్వాత పాత ఫొటో చేతిలోకి తీసుకుని, "అమ్మ చెప్పేది, ఒక్కచోట నిలిచేవాడు కాదట" అంది.

ఆ అలుకుడే పెట్టాను. కింద ఆ ఒక్క మాటే రాశాను.